తల్లి గడిలో రాయాల్సిన అంకె

ఒక తల్లి కడుపున పుట్టి, మరొక తల్లి చేతి వెన్నముద్ద తిని, ఇద్దరినీ అమ్మా అని పిలిచిన స్వామికి ముందుగా నమస్కారం. ఆయన దయ లేకపోతే ఈ నాలుగు మాటలు రాసే ఓపిక నాకుండేది కాదు.

కోట అనే ఊళ్లో ఒక ఎరువుల దుకాణం పైగదిలో కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. సముద్రం ఒడ్డు పల్లెల్లో పిల్లలకు ఉబ్బసం అమ్మానాన్నల నుంచి ఎలా దిగుతున్నదో చూసే పరిశోధన అది. జబ్బున్న బిడ్డ, తల్లి, తండ్రి ముగ్గురి ఉమ్మూ ట్యూబుల్లో పట్టి పంపితే, ల్యాబు నుంచి వాళ్ల జన్యువుల అక్షరాలు ఫైలుగా వస్తాయి. మనిషికి ఒక వరుస. అందులో కుటుంబం అంకె, మనిషి అంకె, తండ్రి అంకె, తల్లి అంకె. పేర్లుండవు. ప్రతిచోటా తల్లి దగ్గర రెండక్షరాలుంటాయి, బిడ్డకు ఒకటే ఇస్తుంది. తండ్రీ అంతే. ఏది ఇచ్చారు, ఏది ఇవ్వలేదు అని సాఫ్ట్‌వేర్ ఇల్లిల్లూ చూస్తుంది. జబ్బున్న పిల్లలకు ఒకే అక్షరం మాటిమాటికీ దిగుతుంటే జబ్బుకు కారణం అక్కడ ఏదో ఉన్నట్టు.

ఆ గదిలో నాతో మాట్లాడే మనిషి లేరు. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు కలగలేదు. శనివారం భజన మందిరంలో అందరూ కుటుంబాలుగా కూర్చుంటారు. నేను హార్మోనియం పక్కన స్తంభానికి ఆనుకుంటాను. చేతిలో తాళాలుంటాయి గనక నన్నెవరూ ఒంటరిదని అనుకోరు. ఒకసారి ఊరికే ఫైలు చివర నా వరుస కొట్టి చూసుకున్నాను. తల్లి గడి, తండ్రి గడి నిండాయి. నా అంకెను తల్లి గడిలో పెట్టుకునే వరుస మాత్రం లేదు. చెరిపేశాను.

లెక్క మొదలుపెట్టే ముందు సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టుకుంటుంది. బిడ్డలో ఉన్న అక్షరం తల్లిలోనూ తండ్రిలోనూ లేకపోతే జాబితా ఇస్తుంది. ఆ రోజు ఒకే కుటుంబానికి అలాంటి తప్పులు తెర నిండా వచ్చాయి. ఏడేళ్ల పాప. ఇద్దరితోనూ కలవడం లేదు.

"ట్యూబులు మారిపోయుంటాయమ్మా," అన్నారు ఫోన్లో మా పెద్దసారు. "సరిచేయలేకపోతే ఆ కుటుంబాన్ని తీసేయండి."

తీసేస్తే, నెలనెలా ఊపిరి పరీక్ష చేసే డాక్టరు జాబితాలోంచి కూడా ఆ పాప పోతుంది. ఆ జాలర్ల పాళేనికి మరో డాక్టరు రాడు. ఆ కుటుంబం వివరాలు రాసుకున్న ఫారం చూస్తే నా చేతిరాతే. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

ఫారంలో తల్లిగా ఉన్న ఆమె గుమ్మంలోనే ఎదురైంది.

"ఏందక్కా, మళ్ళా వచ్చినావు? మేమిచ్చిన ఉమ్ము చాల్లేదా? మా ఆయన్ని పిలువు, వక్కాకు నమిలి బిందెడు ఇస్తాడు."

"ఫారం మళ్ళీ సరిచూడాలి. ఈ పాప మీ బిడ్డేనా?"

"నా బిడ్డే. చేటడు తవుడు పోసి కొన్నా!"

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తరవాతి బిడ్డను పుట్టగానే చేటలో పెట్టి పక్కింటివాళ్లకు తవుడుకు అమ్ముతారు. పెరిగేది కన్నవాళ్ల దగ్గరే. కానీ కన్నతల్లి ఆ బిడ్డను నాదని అనదు; అంటే చావు కన్ను పడుతుందని నమ్మకం. మా అమ్మ చెప్పగా విన్నదే. ఆ ఆచారం ఆ రోజుల్లోనే పోయిందనుకున్నాను. అందుకే ఫారం నింపిన రోజు కొన్నవాళ్లు 'మేమే అమ్మానాన్నలం' అంటే రాసేసుకున్నాను.

ఎదురింటి అరుగు మీద ఒకామె వల బాగుచేస్తున్నది. పాప ఆమె ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంది. ఊపిరి తీస్తుంటే సన్నటి ఈల.

"మేడం, ఆ పిల్ల ఆ అక్క బిడ్డ," అంది, నేను అడగకముందే. "నాకు బిడ్డల్లేరు."

నాకు తెలిసిన వేదాంతమంతా నోటికొచ్చింది. "దేవుడికి తెలీదా అమ్మే? ఆయన దగ్గర దాస్తావా?"

"దేవుడికి తెలిస్తే తెలవనీ మేడం. దాచేది ఆయన దగ్గర కాదు." చేతులు ఆగలేదు. "మూడు తూర్లు నాదన్నా. ముగ్గురూ పోయినారు."

నేనూ అరుగెక్కి ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పాను: "ఇందులో పేర్లుండవమ్మా. అంకెలే. నువ్వు నోటితో చెప్పక్కర్లేదు. నాకు తెలిసింది నేనెవరితోనూ అనను."

ఆమె పాప తల మెల్లగా చాప మీదికి జరిపింది. "ఉమ్ము అడుగు, ఇస్తా. మాట మాత్రం అడగొద్దు."

"రాసుకో అక్కా, నేను చెప్తున్నాగా," అంది వెనక నుంచి కొన్న తల్లి. "కడుపు దానిది, బేరం నాది. దాని మొగుడు చేపల వేటకు పోయినాడు, వచ్చినాక అతనూ ఇస్తాడులే."

కన్నతల్లి సమ్మతి కాగితం మీద వేలిముద్ర వేసింది. ట్యూబులో ఉమ్మేటప్పుడు మొహం అటు తిప్పుకుంది.

కొన్ని నెలల తరవాత కొత్త ఫైలు వచ్చింది. తల్లి గడిలో కొత్త అంకె, తండ్రి గడిలో కొత్త అంకె పెట్టి నడిపాను. తప్పుల జాబితాలో ఆ కుటుంబం లేదు. సంతోషం పంచుకుందామని వెనక్కి తిరిగాను. కుర్చీ, ఫ్యాను, మూసిన కిటికీ.

కొన్న తల్లి వరుస తీసేయాలి. ఏడేళ్లుగా నాదీ బిడ్డ అని ఊరంతా వినేట్టు అంటూ మృత్యువుకు అడ్డం నిలబడిన మనిషికి ఆ సాఫ్ట్‌వేర్‌లో గడి లేదు. తీసేశాను.

ఈ నెల కూడా డాక్టరు వెళ్లి పాప ఊపిరి చూశారు. ఈల ఇంకా ఉందట. చదివే మీరు కూడా దీపం పెట్టుకునే వేళ నాతోపాటు ఒక్కసారి స్వామిని అడగండి, ఆ ఊపిరి తేలికపడాలని. ఎవరి బిడ్డో మాత్రం పైకి అనకండి. ఆయనకు తెలుసు.