మూడు వందల ఎనభై ఆరు అట్టలు

నాగర్‌కర్నూలులో టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరైన నన్ను, మీరు చదివింది ఎలక్ట్రానిక్సేనా అని అడిగితే అవునంటాను. అది సగం జవాబు. నేను చేరింది రెండు డిగ్రీల చదువులో. ఐదేళ్లు చదివితే ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు ఒకటి, కంప్యూటర్ సైన్సు ఒకటి. డెబ్భై తొమ్మిదిలో మా తరగతిలో ఆ కోర్సుకు పదకొండు మందిమి చేరాం. గద్వాల నేతగాళ్ల ఇంటి నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నిబంధన ఒకటుండేది: చివరి ఏడాది ప్రోగ్రాం గడువులోగా అప్పగించకపోతే రెండో డిగ్రీ పోతుంది. మళ్లీ రాసే వీలు లేదు.

ఎనభై మూడు దసరా సెలవులకు ఆ ప్రోగ్రాం కార్డులు ఇంటికి తెచ్చుకున్నాను. విద్యుత్ వలయంలో ఎక్కడ ఎంత వోల్టేజీ ఉంటుందో లెక్కగట్టే ప్రోగ్రాం అది. ఆ రోజుల్లో ప్రోగ్రాంలో ఒక్కో వరుసను ఒక్కో అట్ట కార్డు మీద చిల్లులుగా కొట్టేవాళ్లం. ఆ చిల్లులను చూసి యంత్రం చదివేది. నావి మూడు వందల ఎనభై ఆరు. యంత్రం దగ్గర సమయం దొరకడం కష్టం కాబట్టి తప్పులను ఇంట్లోనే కాగితం మీద వెతుక్కోవాలనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం నాయన మగ్గం దిగి ఆ కట్టను చేతిలోకి తీసుకున్నాడు. మగ్గం పైన వేలాడే జాకార్డు అట్టల మీద కూడా చిల్లులే ఉంటాయి. చీర అంచులో ఏ పోగు లేవాలో అవే చెబుతాయి. వాటికి చిల్లులు కొట్టడం, వరుసగా దారంతో కుట్టడం మా పేటలో నాయన చేసినంత పొందికగా ఎవరూ చేసేవారు కాదు.

పోయిన నెల ఈ కట్ట చేయి జారిందని, మళ్లీ వరుసలో పెట్టడానికి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా పట్టిందని నేనే చెప్పాను.

"మరి కుట్టుకోరా?" అన్నాడు నాయన.

"కుట్టరు నాయనా."

"ఏంది గట్ల? గంత పెద్ద సదువు, జర దారం గూడ ఇయ్యరా మీకు?"

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు కుట్టరో ఆ నిమిషంలో చెప్పి ఉండాల్సింది. అన్నానికి లేచాం.

శనివారం వనపర్తిలో మేనత్తకు జ్వరమని తెలిసి వెళ్లాను. ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి కార్డులు మగ్గం పక్కన మడతలు మడతలుగా పేర్చి ఉన్నాయి. ప్రతి కార్డుకూ ఎడమవైపు రెండు, కుడివైపు రెండు చిల్లులు. వాటి గుండా తెల్లని నూలు.

"చూడు బిడ్డా," అన్నాడు నాయన. "ఇగ కింద పడ్డా చెదరవు. మూడుసార్లు లెక్కవెట్టిన."

"నిన్న పొద్దుగాల కూసున్నడు," అంది అమ్మ. "నా చీరె అంచు నడుమల ఆగింది గని, బిడ్డ అట్టలు ఆగలె. బువ్వకు పిలిస్తే గూడ లేవలె."

నేను మొదటి కార్డు తీసి వెలుతురుకు పట్టుకున్నాను. కుడివైపు చిల్లులు యంత్రం పట్టించుకోని గడుల్లో పడ్డాయి. ఎడమవైపువి చదివే గడుల్లో పడ్డాయి. అక్కడ ఒక్క చిల్లు ఎక్కువైనా యంత్రం ఆ వరుసను తప్పు చదువుతుంది. రెండో కార్డు, మూడోది, పదోది, అన్నీ అంతే. ఆయన చేయి ఒక్కచోట కూడా తప్పలేదు. ఒకటి అరా తప్పి ఉంటే కొన్నయినా మిగిలేవి.

"మంచిగుందా?" అని అడిగాడు.

"మంచిగుంది నాయనా," అన్నాను.

సోమవారం ఆ మడతల కట్టను ఒళ్లో పెట్టుకుని నగరానికి బస్సెక్కాను. గడువు బుధవారం. మంగళవారం కంప్యూటర్ కేంద్రంలో కార్డులు తీసుకునే ఆపరేటరు దారం పట్టుకుని పైకెత్తాడు. కార్డులు దండలా వేలాడాయి.

"ఏందమ్మా ఇది, బతుకమ్మకు తెచ్చినవా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నా మొహం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "కొత్త కార్డుల మీద నకలు కొట్టుకో. వేరే దారి లేదు."

ఆ లెక్క బస్సులోనే వేసుకున్నాను. నకలుకు కార్డుకు అర నిమిషం. మొత్తం నూట తొంభై మూడు నిమిషాలు. కార్డులు కొట్టే యంత్రం మీద నాకు వారానికి ఇచ్చింది నలభై నిమిషాలు. తరగతిలో ఒక స్నేహితురాలు తన వంతులోంచి పది ఇచ్చింది. మిగతా వాళ్లకూ బుధవారమే గడువు. వాళ్లను అడగడానికి నోరు రాలేదు. యాభై నిమిషాల్లో వంద కార్డులు కొట్టి లేచాను. రెండు వందల ఎనభై ఆరు మిగిలాయి.

మా ప్రొఫెసరు ఓపికగా విన్నారు. కుట్టిన కార్డులను అటూ ఇటూ తిప్పి చూశారు. "మీ నాన్నగారి పనితనం బాగుందమ్మా," అన్నారు. "కానీ గడువు నా చేతుల్లో లేదు. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ వస్తుంది కదా."

రెండో డిగ్రీ వదులుకుంటున్నట్టు ఒక ఫారం ఇచ్చారు. దాని మీద తండ్రి సంతకం కావాలి. మరుసటి ఆదివారం గద్వాల వెళ్లాను.

నాయన ఫారం తిప్పి చూశాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు. అదేం కాగితమో నేనే చెప్పాను.

"ఒకటి ఇడ్సిపెడుతున్నవా? ఏమైంది?"

"నాతోని కాలేదు నాయనా."

"పోనీ తియ్యి. రెండు సదువులు ఒక్క మనిషితోని యాడైతయి? ఎంత చిక్కినవో చూడు."

అమ్మ ఊరుకోలేదు. "నువ్వు అట్టలన్నీ కుట్టిచ్చినంక గూడ కాలేదంటే, ఇగ పిల్ల మాత్రం ఏం జేస్తది?"

నాయన తల వంచుకున్నాడు. "ఇంకేమన్న జేసేదుండెనో ఏమో. నాకు తెల్వకపాయె," అన్నాడు.

చెబితే ఆయన మళ్లీ మగ్గం అట్టలు ముట్టుకోడు. ఆ అట్టల పనితోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. చెప్పకపోతే ఇదిగో, ఇట్లా కూర్చుంటాడు. అక్కడ నిలబడి రెండూ బేరీజు వేశాను. ఏదీ తేలలేదు.

"గీ గడిల ఏం రాసినవ్ బిడ్డా?" కారణం అన్నచోట వేలు పెట్టి అడిగాడు.

"చదవలేకపోయినానని రాసిన."

ఆయన ఆ వాక్యం కింద తెలుగులో, కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. తారీకు నేను వేశాను.