చిన్నాయనకు లెక్కల్లేని పని

మొన్న గూడూరులో బస్సు దిగి నడుస్తుంటే ఏదో రైసుమిల్లు లోంచి ఉడికిన వడ్ల వాసన వచ్చింది. ఎండకు అప్పటికే నీరసపడి ఉన్నానేమో, ఆ గేటు పక్క అరుగు మీద కూర్చుండిపోయాను. మా చిన్నాయన పంచెలోంచి ఎప్పుడూ ఆ వాసనే వచ్చేది.

మాది వాకాడు దగ్గర పల్లె. నేను నాలుగో తరగతిలో ఉన్న అరవైల మొదట్లో, కోతలయ్యాక కళ్లమంతా కొత్త గడ్డి వాసన, దాని మీదుగా ఉప్పుగాలి, మధ్యాహ్నానికి అవ్వ లేత మామిడికాయ వేసి కాచిన చేపల పులుసు. వడ్లు కొలిచే పని నాయన తన తమ్ముడికి అప్పగించేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, ‘లాభం’ అనాలి. ఆ తర్వాతే రెండు, మూడు. చిన్నాయన పది దాటేసరికి ఏ కొంగవైపో చూసి, ఎక్కడున్నాడో మరచిపోయి, గొంతు పెంచి మళ్లీ ‘లాభం’ అని మొదలుపెట్టేవాడు. రాశి మొత్తం తిరిగి కొలవాల్సిందే. కూలివాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మూడోసారి అలా జరిగిన రోజు నాయన కుంచం లాక్కుని, ఉగాదిలోగా వేరే పని చూసుకోకపోతే ఇంట్లో కూడు లేదనేశాడు. చిన్నాయన వసారాలో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“వాడికి లెక్కల్లేని పని ఏదన్నా చూడు నాయనా,” అని అవ్వ బతిమాలింది.

“లెక్కల్లేని పని యాడుండాది మా? గొర్రెలు మేపినా పొద్దుగూకితే లెక్కపెట్టుకోవాల్సిందే.”

చివరికి నాయన కుదిర్చింది చిల్లకూరు వైపు ఒక మిల్లులో బస్తాలు లెక్కపెట్టే పని. లెక్క తప్పుతున్నాడు, తీసుకుపొమ్మని రెండోరోజే కబురొచ్చింది. నాయన బండి కడితే నేనూ ఎక్కాను. మేం వెళ్లేసరికి చిన్నాయన ఆరబోసిన వడ్లలో ఒట్టికాళ్లతో నిలబడి గింజ కొరుకుతున్నాడు.

“మేస్త్రీ అన్నా, లోపలింకా పచ్చి ఉండాది. ఇప్పుడాడిస్తే నూకైపోతాయి.”

మేస్త్రీ విసుక్కుని, వినకుండా వడ్లు మిల్లుకు ఎత్తించాడు. కాసేపటికి బియ్యం బదులు నూక రాలుతుంటే మిల్లు ఓనరు పరుగున వచ్చి ఆపించి, మిగతావి ఎంతసేపు ఎండాలని చిన్నాయననే అడిగాడు.

“ఆ గోడ నీడ బాయికాడికి వచ్చిందాకా.”

అలా ఆయనకు పని దొరికింది. అవ్వ ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

సెలవుల్లో మిల్లుకు వెళ్తే చిన్నాయన నా అరచేతిలో రెండు గింజలు పెట్టి, “కొరుకు మే, నేర్పిస్తా,” అనేవాడు. ఎక్కాలు చదువుకోవాలని నేను లేచిపోయేదాన్ని. అంకెలంటే నాకూ ఆయనంత భయమేనని ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే ముప్పై ఏళ్లు ఆఫీసులో పట్టీలు కూడి, చూపు మందగించి రిటైరయ్యాను.

మొన్న అరుగు మీంచి లేచి ఆ గూడూరు మిల్లు లోపలికి వెళ్లాను. ఆరబోసే కళ్లం లేదు, గోడ నీడ పడే చోట రేకుల షెడ్డు వేశారు. అక్కడి మేస్త్రీ పిడికెడు వడ్లు తేమ చూసే చిన్న మిషనులో పోశాడు. ఎర్ర అంకెలు వెలిగాయి. నేను ఒక గింజ తీసి కొరికాను.

“ఎట్లుండాయి మా?” అని నవ్వుతూ అడిగాడు.

పచ్చో ఎండో నాకు తెలియలేదు. మిషను వైపు చూసి, అంకె చదివి చెప్పాను.