మేడ మీది ఏనుగులు: అమ్మతో దివాణంవలస బంగ్లాకి ఒక ఆదివారం

అక్టోబరు నెలాఖరులో విశాఖపట్నంలో కంటి డాక్టరు మా అమ్మని బయట బెంచీ మీద కూర్చోమని, నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. అమ్మకి గ్లకోమా. మన పక్క నీటికాసులంటారు. చూపు అంచుల నుంచి తరుగుతూ మధ్యకి వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలినది ఏడాది నిలిస్తే గొప్పేనని ఆయన నెమ్మదిగా చెప్పాడు. నేను బయటికొచ్చి "చుక్కలు మానకుండా వేసుకుంటే ఇలాగే నిలబడిపోతుందట" అన్నాను. అమ్మ తలూపింది. విజయనగరం తిరిగొచ్చే దారిలో మాత్రం, "నన్నొకసారి దివాణంవలస తీసుకెళ్ళవే. ఆ బంగ్లా మేడ మీది ఏనుగుల్ని చూడాలి" అంది.

అమ్మ బొబ్బిలి దగ్గర ఒక బడిలో ఇరవై ఏళ్ళకి పైగా టీచరుగా పనిచేసింది. ఏటా శీతాకాలంలో ఐదో తరగతి పిల్లల్ని దివాణంవలసలో ఉన్న పాత జమీందారీ బంగ్లాకి తీసుకెళ్ళేది. పై అంతస్తు హాల్లో గోడ పొడవునా ఊరేగింపు బొమ్మలుంటాయి. ముందు ఏనుగులు, వెనక గుర్రాలు, పల్లకీలు. అన్నిసార్లు వెళ్ళినా అమ్మ ఆ మేడ ఎక్కలేదట. మెట్లు ఇరుకు, పిల్లలు తోసుకుంటారు. అందుకని ఎప్పుడూ మెట్ల కిందే నిలబడి ఎక్కిన తలలూ దిగిన తలలూ లెక్కపెట్టుకునేది. "దిగిన ప్రతివాడూ 'టీచర్, ఏనుగులు! టీచర్, ఏనుగులు!' అని నా కొంగు లాగేవాడు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేదాన్ని. ఈలోగా రిటైరైపోయాను" అంది.

బంగ్లా సొంతదారులు విశాఖపట్నంలో ఉంటారు. ఆదివారాలు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు చూడనిస్తారు. టిక్కెట్టు లేదు. భోజనం కావాలంటే ముందురోజే కాపలాదారుకి ఫోన్ చేసి చెప్పాలి, ఆయన భార్య వండిపెడుతుంది, మనిషికి నూట ఇరవై. అమ్మతో పనిచేసిన ఒక టీచరు దగ్గర నంబరు తీసుకుని భోజనాలు చెప్పాను. మేడ సంగతి అడగాలని తట్టలేదు. మీరు మాత్రం అడగండి.

డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మా కారులో బయలుదేరాం. మా ఆయన నడిపారు, అమ్మ ముందు సీట్లో, నేనూ ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి హాసిని వెనక. గజపతినగరంలో ఏడున్నరకి పూరీ, బొంబాయి చట్నీ తిన్నాం. నలుగురికి టీలతో కలిపి రెండు వందల నలభై అయింది. అక్కడి నుంచి రామభద్రపురం మీదుగా బొబ్బిలి చేరేసరికి తొమ్మిది కావస్తోంది. కారు లేనివాళ్ళు బొబ్బిలి దాకా బస్సులో వచ్చి, రాజాం వెళ్ళే బస్సెక్కి దివాణంవలస జంక్షన్లో దిగొచ్చు. అక్కడి నుంచి లోపలికి మూడు కిలోమీటర్లు, ఆటోలు ఉంటాయి. దారికి రెండు పక్కలా వరి కోసి కుప్పలు వేశారు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఒకచోట హాసిని "అమ్మమ్మా, ఎడమ పక్క నెమలి!" అని అరిచింది. అమ్మకి పక్కలు కనపడవు కాబట్టి తల పూర్తిగా తిప్పాలి. తిప్పేలోగా నెమలి వెనక్కి వెళ్ళిపోయింది. "ఆఁ, చూశాను" అంది అమ్మ. చూడలేదని నాకు తెలుసు. హాసిని ఆ తర్వాత దారంతా ఇంకేమీ చూపించలేదు.

బంగ్లా ఊరి చివర కొబ్బరితోటలో ఉంది. ముందు పొడవాటి వరండా, లావుపాటి టేకు స్తంభాలు, పెచ్చులూడిన సున్నపు గోడలు. కాపలాదారు అప్పలస్వామి అరవై దాటిన మనిషి. గేటు తీసి ఎదురొచ్చాడు.

"రండమ్మ, రండి. వరండా సూడండి, కింద హాలు సూడండి, ఎనక నుయ్యి సూడండి. మేడ మీదకి మాత్రం ఎల్లకండి."

"ఏం, ఎందుకని?" అన్నాను.

"తుపానుకి పైకప్పు కారిపోనాది. దూలం ఒకటి పుచ్చిపోయి ఉన్నాది. తాళం ఎట్టీమన్నారు అయ్యగారు."

అమ్మ కింద హాల్లోకి నడిచి, గోడకి వేలాడదీసిన పాత ఫొటోల ముందు ఒక్కొక్కదాని దగ్గరా ఆగింది. ఫొటో మొత్తం ఒకేసారి కనపడదు కాబట్టి ముక్కముక్కగా చూస్తుంది. ముందు తలపాగా, తర్వాత మీసం, తర్వాత చేతిలో కర్ర. హాసిని పక్కన నిలబడి ఓపిగ్గా ఎదురుచూసింది. నేను అప్పలస్వామిని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పాను. "ఆవిడకి చూపు పోతోంది. ఏడాది కూడా నమ్మకం లేదన్నారు. మళ్ళీ వచ్చినా చూడలేరు."

ఆయన హాలు వైపు ఒకసారి చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, మెట్ల దగ్గరికి వెళ్ళి, గట్టిగా మాట్లాడాడు. "అయ్యగారూ, ఒక పెద్దావిడొచ్చినారు. టీచరట. కళ్ళు పోతన్నాయట బాబూ, ఏడాది కూడా ఉండవట. ఒక్కసారి మేడెక్కిస్తానండి." అవతలి మాట చాలాసేపు విన్నాడు. ఫోన్ పెట్టేసి, "ఇద్దరికే ఒప్పుకున్నారు. గోడ పక్కమ్మటే నడవాల, నడిమికి ఎల్లకూడదు" అన్నాడు.

అమ్మా నేనూ ఎక్కాం. అప్పలస్వామి ముందు వెళ్ళి తలుపు తీసి, గడప బయటే నిలబడ్డాడు. తూర్పు కిటికీల్లోంచి ఎండ సూటిగా గోడ మీద పడుతోంది. ఆ వెలుతురులో నాకు కనపడింది పచ్చటి పాచి, నీళ్ళు కారిన నల్లటి చారలు, ఉబ్బి ఊడిపోయిన సున్నం. గోడ మొత్తం అంతే. ఒకచోట ఏనుగు కాలేమో అనిపించే బూడిదరంగు మరక. కుడి చివర మాత్రం, వాన పడని మూల, రెండు బారల మేర రంగులు మిగిలాయి.

అమ్మ గోడకి అరచెయ్యి ఆనించి, ముఖం దగ్గరగా పెట్టి, నెమ్మదిగా ఎడమ నుంచి జరగడం మొదలుపెట్టింది. కొంతదూరం పోయాక ఆగింది.

"ఏనుగులెక్కడే?"

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "ఇక్కడే ఉన్నాయమ్మా, నీ ఎదురుగానే. వరసగా నాలుగు. అంబారీలున్నాయి, ఎర్రటి..."

"ఆగు" అంది. చెయ్యి గోడ మీది నుంచి తీయలేదు. "కింద నువ్వు చెప్పిన మాటా విన్నాను, ఆయన ఫోన్లో చెప్పిందీ విన్నాను. పోతున్నవి నా కళ్ళు, చెవులు కావు. ఇప్పుడు సరిగ్గా చెప్పు. గోడ మీద లేవా, నా కంటికి లేవా?"

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర తప్ప ఆవిడకి ఇంకెక్కడా దొరకదని అప్పుడు అర్థమైంది.

"గోడ మీదే లేవమ్మా. వాన తినేసింది. ఉత్త పాచి."

"నిజంగా?"

"నిజంగా."

అమ్మ కళ్ళు మూసుకుంది. భుజాలు కిందికి దిగాయి. "అయితే సరే" అంది. కాసేపటికి, "డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది. చెప్పాను. ఏడాది అన్నాడని, అంతకన్నా ముందే పోవచ్చని కూడా అన్నాడని, నేను నీకు చెప్పలేకపోయానని. ఏడ్చానేమో, గడప దగ్గర అప్పలస్వామి ముఖం అటు తిప్పుకున్నాడు. అమ్మ నన్ను ఊరుకోబెట్టలేదు. నా ఏడుపు ఆగేదాకా నిలబడి, "ఉన్నదేదో చూద్దాం, పద. ఎటుంది?" అంది.

కుడి మూలకి తీసుకెళ్ళాను. అది ఊరేగింపు తోక. రాజులూ గుర్రాలూ అక్కడ లేరు. చివరన నడిచే సామాన్యులున్నారు, డప్పులవాళ్ళు, దివిటీ పట్టుకున్నవాడు, నెత్తిన తట్టతో ఒక ఆడమనిషి. నేను అంతే అనుకున్నాను. అమ్మ పావుగంట పైగా చూసింది, వేలెడు మేర వేలెడు మేరగా. "ఈ డప్పులవాడికి ఒక చెవికే పోగుంది. ఈవిడ తట్టలో అరటిపళ్ళు. ఇదిగో, ఈ కాళ్ళ మధ్య కుక్క. కుక్కని చూశావా నువ్వు?" అంది. చూడలేదు. అమ్మ చెప్పాకే వంగి చూశాను. తోక పైకెత్తిన నల్లకుక్క.

కిందికి దిగేసరికి పదకొండు దాటింది. హాసిని పరుగెత్తుకొచ్చి "ఏనుగులున్నాయా అమ్మమ్మా?" అంది. "లేవు. వానకి పోయాయి. కుక్క ఉంది" అని చెప్పి, అమ్మ దానికి బొమ్మలన్నీ పేరుపేరునా వర్ణించింది.

ఒంటిగంటకి వెనక వసారాలో అప్పలస్వామి భార్య పైడమ్మ విస్తళ్ళు వేసింది. ముద్దపప్పు, చిక్కుడుకాయ కూర, కొత్త చింతకాయ పచ్చడి, మజ్జిగ పులుసు. వడ్డిస్తూ అమ్మ పక్కన ఆగి, "ఏది ఎక్కడున్నాదో సెప్పీమంటారా అమ్మా?" అని అడిగింది. మేమెవరమూ అంత సూటిగా అడిగి ఉండం. అమ్మ "చెప్పు తల్లీ" అంది. పైడమ్మ విస్తరి చుట్టూ వేలు చూపిస్తూ, పప్పు ఇక్కడ, పచ్చడి ఆ చివర అని చెప్పింది. అమ్మ తింటూ, తల ఎత్తకుండానే నాతో అంది. "వచ్చే నెల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నేను లోపల కూర్చుంటాను. నువ్వు బయట బెంచీ మీద కూర్చో."

సాయంత్రం ఆరున్నరకి ఇంటికి చేరాం. దివాణంవలస వెళ్ళండని మీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఏనుగుల కోసమైతే వెళ్ళవద్దు, అవి ఇక లేవు. ఆ మూల మిగిలిన రంగులు ఇంకెన్ని వానలకి ఆగుతాయో తెలియదు. అక్కడికి వెళ్ళేదాకా, బాధపడుతుందని నిజం దాచడమే అమ్మ పట్ల ప్రేమ అనుకున్నాను. అలా దాస్తే ఆవిడ మిగిలిన చూపుని కూడా నమ్ముకోలేకపోతుందని నాకు తోచలేదు. జనవరిలో డాక్టరు గది బయట బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. అమ్మ ఏమడిగిందో, ఆయన ఏం చెప్పాడో నాకింకా పూర్తిగా తెలియదు. బయటికొచ్చి కొత్త చుక్కల చీటీ ఇచ్చి, "ఇంటికి పోదాం, హాసినికి పరీక్షలు" అంది.

చూపు తక్కువైన పెద్దవాళ్ళతో ఇలాంటి పాత ఇళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మెట్ల దగ్గర వాళ్ళ చెయ్యి పట్టుకుని లాగకండి. మీ మోచెయ్యి వాళ్ళకి పట్టుకోనిచ్చి, ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా మీరు ఒక మెట్టు ముందు నడవండి. మెట్టు ఎక్కడుందో మీ మోచెయ్యి కదలికే వాళ్ళకి చెబుతుంది.