నౌపడ ఉప్పు మడుల దగ్గర మావయ్యకు పట్టిన చెమట

మా మావయ్య ముప్పై ఏళ్లు గూడ్స్ గార్డుగా పనిచేశాడు. నౌపడ మీదుగా వెళ్లినప్పుడల్లా దూరంగా తెల్లగా మెరిసే ఉప్పు కుప్పల్ని చూసేవాడే కానీ ఒక్కసారీ అక్కడ దిగలేదు. రిటైరయ్యాక, 2016 శీతాకాలం చివర్లో, "ఒసే, ఈసారి దిగుదామే" అన్నాడు. సరేనని విజయనగరంలో పొద్దున్నే ఆరింటికి పాసింజరెక్కాం. టికెట్టు ముప్పై రూపాయల లోపే. తొమ్మిదింటికి నౌపడలో దిగి, వంద రూపాయలకు ఆటో మాట్లాడుకుని మడుల దగ్గరికి వెళ్లాం. మావయ్య చెప్పులు చేత పట్టుకుని, చిన్నపిల్లాడిలా గట్ల మీద నడుస్తూ, ఉప్పు గీసే ఆడవాళ్లను ప్రశ్నలతో విసిగించి నవ్వించాడు. నేను ఫోటోలు తీసీ తీసీ అలసిపోయాను.

పదిన్నరకు రోడ్డు పక్క నీలమ్మ అనే ఆవిడ పాక హోటల్లో ఇడ్లీకి కూర్చున్నాం. మావయ్య ప్లేటు ముట్టుకోలేదు. సముద్రపు గాలి చల్లగా వీస్తున్నా అతని చొక్కా తడిసిపోయింది.

"ఏటి బాబూ, ఆ సెమటేటి?" అంది నీలమ్మ.

"గ్యాస్ అమ్మా. ఒక సోడా కొట్టు."

ఆమె సోడా తీయలేదు. దగ్గరకొచ్చి, "గుండె మీద బరువెట్టినట్టున్నాదా? దవడ లాగతన్నాదా? సెయ్యో?" అని అడిగింది.

మావయ్య ఆశ్చర్యంగా, "ఎడం చెయ్యి. నీకెలా తెలుసు?" అన్నాడు.

"మా ఆయనా గ్యాసనే అన్నాడు. సోడా తాగించి పడుకోబెట్టాను. మరి లెగలేదు. నువ్వు కదలకు, గోడకి ఆనుకుని కూకో."

ఆటోలో టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాను. మా కోసం ఆగి ఉన్న ఆటో డ్రైవరు అప్పటికే ఫోను తీసి, "వద్దమ్మా, 108లో ఆక్సిజనుంటాది, మందుంటాది" అని అంబులెన్సును పిలిచాడు. అది పావుగంటలో వచ్చింది. టెక్కలి ఆసుపత్రిలో ఈసీజీ చూసి, గుండెపోటేనని తేల్చి, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. "తొందరగా తెచ్చారు, అదే కాపాడింది" అన్నాడు డాక్టరు. సాయంత్రానికి శ్రీకాకుళం మార్చారు. అప్పటికే మావయ్య నర్సుకు ఉప్పెలా పండుతుందో చెబుతున్నాడు!

నాలుగో రోజు నీలమ్మ మొదటి బస్సుకే ఆసుపత్రికి వచ్చింది. మావయ్య దండం పెట్టడానికి లేవబోతే, "పడుకోవయ్యా!" అని కసిరి, వెంటనే నవ్వేసింది. తర్వాత కళ్లు తుడుచుకుంటూ, "నువ్వు బతికావని ఆ డ్రైవరు సెప్పిన రాత్రే, ఇన్నాళ్లకి నాకు నిద్దరట్టింది" అంది. మావయ్య ఆమె చెయ్యి వదల్లేదు.

ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, ఒక ఊరు మనల్ని ఇంతగా పట్టించుకోవడం అక్కడే చూశాను. నీలమ్మ తన దుఃఖాన్ని దాచుకోకుండా ఆ మూడు ప్రశ్నలూ అడగబట్టే మావయ్య ఈరోజు మా మధ్య ఉన్నాడు. మీరు ఎక్కడికి వెళ్లినా ఒక్కటి గుర్తుంచుకోండి: ఎండ లేకుండా చెమటలు పట్టి, ఛాతీలో బరువుగా ఉండి, దవడకో చేతికో నొప్పి పాకితే, గ్యాసని సర్దుకోకుండా, ఒక్క అడుగు కూడా నడవకుండా కూర్చుని 108కి ఫోన్ చేయండి.