పెనుకొండ బస్టాండులో ఎర్ర పోగు

ధర్మవరంలో మా ఇల్లంతా మగ్గాల చప్పుడే. దానికి నేను చెవులు మూసుకుంటే నాయన "ఆడపిల్లకు ఇంత పొగరా" అనేవాడు. ముప్పై దాటాక బెంగుళూరు డాక్టరు ఆ పొగరుకు ఆటిజం అని పేరు చెప్పాడు. ఆయన గది బయట బెంచీ మీదే హిందూపురం ఆమె పరిచయమైంది. ఇంట్లో బురఖాలు కుట్టే మనిషి. ఆమెకూ అదే పేరు చెప్పారట. నా ముఖం చూడకుండా మాట్లాడింది. నేనూ అంతే. ప్రాణం లేచొచ్చింది.

అప్పట్నుంచి ఇద్దరికీ మధ్యలో ఉందని పెనుకొండలో కలిసేవాళ్ళం. మాకో కట్టుబాటు ఉండేది. చప్పుడెక్కువై మాట పడిపోయేలా ఉంటే మణికట్టుకు ఎర్ర పట్టుపోగు చుట్టుకోవాలి. అది కనబడితే రెండో మనిషి ఏమీ అడగకుండా, ముట్టుకోకుండా పక్కన కూర్చోవాలి. పోగులు మా మగ్గం కింద రాలిన తుక్కులోవే.

ఆ రోజు ఆమె మొదటిసారి అన్న తోడు లేకుండా ఒంటరిగా వచ్చింది. ఏమన్నా అయితే మళ్ళీ గడప దాటేది లేదని వాళ్ళన్న చెప్పి మరీ పంపాడు. నేను బస్సు దిగేసరికి హారన్ల మోత, దాని మధ్య గుంపు. ఆమె నేలమీద చెవులు మూసుకుని ఊగుతోంది. మణికట్టుకు పోగు.

"ఫిట్సప్పా! బీగాలు పెట్టండి చేతిలో!"

ఒకాయన ఆమె చేతిని చెవి మీంచి లాగి తాళాల గుత్తి కుక్కుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు భుజాలు అదిమి పట్టారు. అడక్కుండా సాయం చేసేవాళ్ళకు మా సీమలో కరువు లేదు, కరువంతా వానలకే. గుత్తి గలగలమన్న కొద్దీ ఆమె కేక పెరిగింది.

"వదలండి" అనబోయాను. నాకూ మాట పడిపోయింది.

"సంచిలో నంబరుంటాది చూడబ్బా, ఇంటికి ఫోన్ కొడదాం."

ఆ ఫోన్ వెళ్ళిందంటే ఆమె ఇక రాదు. జనం ముందు ఊగకూడదని ఇన్నేళ్ళూ పళ్ళ బిగువున బతికినదాన్ని. ఆడవాళ్ళను పక్కకు తోసి, ఆ మురికిలోనే ఆమె పక్కన కూలబడ్డాను. చెవులు మూసుకుని ఊగాను.

"ఈయమ్మకూ వచ్చిండాదే!"

అంటుకుంటుందేమోనని గుంపు వెనక్కి జరిగింది. గుత్తి కిందపడింది. మమ్మల్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను, లోపల నవ్వూ వచ్చింది. చాలాసేపటికి ఆమె ఊగడం నెమ్మదించింది.

ఒక పెద్దాయన దూరం నుంచే అడిగాడు. "ఏమ్మా, మీవాళ్ళు యాడుండారు? పిలిపిస్తాం."

ఆమె తల ఎత్తలేదు. నా కొంగు అంచు పట్టుకుంది.

"నా మనిషి ఈడే ఉండాది" అంది.