రిజిస్టరులో లేని ఎల్లో కార్డు

మంగళవారం పొద్దున చిల్లకల్లు నుంచి ఫోను వచ్చింది. మా సెక్రటరీ గారు నిద్రలోనే పోయారట. జగ్గయ్యపేట, నందిగామ జట్లున్న మా ఫుట్‌బాల్ సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపిన మనిషి. ఇక్కడ చాలామందికి ఆయనంటే ఒక్క గొడవే గుర్తొస్తుంది. దాని సంగతి రాయాల్సినవాణ్ణి నేనే.

అయిదో తరగతితో బడి మానేసిన నన్ను పిలిచి మ్యాచుల రిజిస్టరు చేతికిచ్చింది ఆయనే. "రోజూ ఇంట్లో ఏదో రాసుకుంటావంటగా, ఇదీ రాయి" అన్నారు.

"నాకు ఇంగ్లీషు రాదండీ."

"బంతికి మాత్రం వచ్చా?" అని నవ్వారు.

మ్యాచ్ రోజు అందరికన్నా ముందొచ్చి సున్నంతో గీతలు వేయించేవారు. డబ్బా నా చేతిలో, కళ్లు ఆయనవి. గీత వంకరపోతే ఊరుకునేవారు కాదు. "తుడిచెయ్. మళ్లీ వెయ్యి."

గొడవ జరిగిన ఏడు సెమీఫైనల్లో మా జగ్గయ్యపేట కుర్రాడికి రెండో ఎల్లో కార్డు పడింది. టోర్నీలో రెండు పడితే తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. అప్పుడే వాన అందుకుంది. టెంటు సర్దే హడావుడిలో ఆ కార్డు రిజిస్టరులో ఎక్కించడం మరిచిపోయా. ఫైనల్ రోజు కుర్రాడు నోరెత్తలేదు. నాకూ గుర్తు లేక, రిజిస్టరు చూసి ఆడొచ్చన్నా. గోల్ కొట్టింది వాడే. నందిగామ ఓడింది.

తర్వాత ఆ కార్డు సంగతి బయటపడింది. సెక్రటరీది జగ్గయ్యపేట పక్క ఊరే కాబట్టి కావాలనే దాచాడని నందిగామ వాళ్లు గొడవకు దిగారు. విచారణలో ఆయన ఒకటే మాటన్నారు: "రిజిస్టరుకి బాధ్యుణ్ణి నేను. తప్పు నాది." పదవి పోయింది. గ్రౌండులో అడుగు పెట్టొద్దన్నారు.

నేను ఇంట్లో రాసుకునే పుస్తకం తీస్తే, సెమీఫైనల్ రోజు పేజీలో ఆ కార్డు సంగతి ఉంది. పట్టుకుని ఆయన ఇంటికి పరిగెత్తా. చదివి, మూసి, నా చేతిలో పెట్టారు.

"ఇది బయటపెడితే రేపట్నుంచి నీ చేత ఎవడూ ఏమీ రాయించడయ్యా. నాదేముంది, ఆడాల్సింది ఆడేశా."

కాదనాల్సింది. అనలేదు. రిజిస్టరు రాస్తూనే ఉన్నా. ఆయన మాత్రం ప్రతి మ్యాచ్‌కీ వచ్చి, ప్రహరీ అవతల స్కూటరు మీద కూర్చుని మెడ చాచి చూసేవారు. "అబ్బాయ్, కుడి మూల గీత చూడు" అని అక్కణ్ణుంచే కేకేసేవారు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ నిషేధం ఎవరూ ఎత్తెయ్యలేదు.

అంత్యక్రియలకు అప్పటి నందిగామ కెప్టెన్ వచ్చాడు. "మంచోడేనయ్యా. ఆ ఒక్క పనే చెయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు.

"ఆ కార్డు ఎక్కించనిది నేనండీ."

నా మొహంలోకి అలాగే చూశాడు. "ఆయనుండగా చెప్పలేకపోయావా?"



ఇవాళ ఆదివారం, మ్యాచ్ ఉంది. గీతలు నేనే వేశా. కుడి మూల దగ్గర వంకరపోయింది. నాకు కనపడుతూనే ఉంది. సున్నం డబ్బా పట్టుకుని, ప్రహరీ వైపు తిరిగి, నిలబడే ఉన్నా.