యుద్ధనౌక ముక్కలకు చింతపండు పెట్టి తోమిన వైనం

చింతపండు పిప్పితో దేశ నౌకాబలాన్ని దెబ్బకొట్టిన ముసలిది ఎక్కడైనా ఉంటుందా అంటారేమో. ఉంది. అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో ఉంది. నేను చదివింది మూడో తరగతే. తోమడంలో మాత్రం పట్టాలేని పండితురాలిని.

నా మనవరాలు శ్రావణి పంజాగుట్టలో ఒక కంపెనీలో ఇంజినీరు. క్షిపణులు పేల్చే యుద్ధనౌకలకు విడిభాగాలు గీసిచ్చే పని. ఓడ యంత్రాలు చల్లబడడానికి సముద్రపు నీటిని లోపలికి లాగే గొట్టాలుంటాయట, వాటికి వాల్వులుంటాయట. ఆ వాల్వును పాత లోహంతోనే చేయాలా, మా పిల్ల చెప్పిన కొత్త లోహంతో చేయాలా? అది తేలడానికి రెండింటి ముక్కలనూ నెలల తరబడి ఒక సీసాలో ఉప్పునీళ్లలో నానబెట్టింది. ఆఫీసుకు రంగులేస్తున్నారని ఆ సీసాను తెచ్చి నా వంటింటి గట్టు మీద పెట్టి, ఓడను చూడడానికి వైజాగ్ పోయింది.

"నానమ్మా, సోమవారం పెద్ద సార్లకు చూపెట్టాలె. జర పైలం."

పైలంగా చూద్దామనే చూశాను. ఒళ్లు మండిపోయింది! రెండు ముక్కలూ చిలుముపట్టి, వానాకాలంలో మంచం కింద మరిచిపోయిన చెప్పుల్లా ఉన్నాయి. దేశాన్ని కాచే ఓడకు పెట్టేది ఇవా? వంటింట్లో చిలుమును గెలవలేనివాళ్లు సముద్రంలో శత్రువును గెలుస్తారట! పెద్ద సార్ల ముందు పిల్ల పరువేం కావాలి?

వాటికి కట్టిన దారాలూ గుర్తుల అట్టముక్కలూ పీకి పారేశాను. పులుసు పిండేసిన చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు, కొబ్బరి పీచు. (తోమడానికి కొత్త చింతపండు వాడే ఇల్లు బాగుపడదు, రాసిపెట్టుకోండి.) కాసేపటికి రెండూ పెళ్లికూతురి ముఖంలా మెరిశాయి.

అప్పుడే ఫోను.

"నానమ్మా, సీస మంచిగుందా?"

"ఉన్నదిగని, గా చిలుమేందే అసయ్యంగ?"

"అయ్యో, ఆ చిలుమే నా పని! ఏ ముక్కకు ఎంత పట్టిందో చూసే సార్లు నా డిజైన్ ఒప్పుకుంటరు. ముట్టకు, నీకు దండం పెడ్త."

"నేనెందుకు ముడ్త?" అన్నాను, ముక్కలను కొంగుతో తుడుస్తూ.

చేతులు కాలాక లోకం ఆకులు పట్టుకుంటుంది. నేను పచ్చడి జాడీ పట్టుకున్నాను. నిమ్మకాయ పచ్చడిలో ఇత్తడి గరిటె మరిచిపోతే చిలుము లేస్తుందని తెలియని కోడలుందా? ముక్కలు రెండూ అందులో కుక్కాను. సోమవారానికి చిలకల్లా పచ్చబడ్డాయి. కవల చిలకలు! ఏది పాతదో ఏది కొత్తదో కన్నతల్లికి కూడా తెలియదు. కడిగి, సీసాలో మళ్లీ ఉప్పునీళ్లు పోసి పెట్టాను.

శ్రావణి రైలు దిగి నేరుగా ఆఫీసుకే వస్తానంది. సీసాను సంచిలో పెట్టుకుని పంజాగుట్టకు నేనే నడిచాను. ఒక్క స్టేషను దూరానికి మెట్రో ఎందుకు?

పెద్దసారు మూత తీశారు. ముక్కు చిట్లించారు. చెంచాతో ఏదో పైకి తీశారు.

"ఏంటమ్మా శ్రావణీ, ఏ సముద్రంలో పండుతాయి ఈ మెంతులు?"

శ్రావణి మెంతుల వంక చూసింది. తర్వాత నా వంక. "నానమ్మా!"

"ఏందే నానమ్మ? మురికి కనవడితే తోముతరుగని పూజ చేస్తరా?" అని విరుచుకుపడ్డాను. "మీరన్న చెప్పాలె సారూ! ఇంత ఇంత చదువులు చదివి చిలుము పట్టిచ్చుడే కొలువంటే మాకెట్ల తెలుస్తది?"

"తోమారు సరే. మరి మెంతులు?"

"చిలుము మళ్ల రావాలెనని నిమ్మకాయ తొక్కుల వెట్టిన. తొక్కంత ఖరాబయింది. దాని పైసలు ఎవరిస్తరు?"

పెద్దసారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. శ్రావణి నవ్వలేదు. ముక్కలు దేనికీ పనికిరాకుండా పోయాయి. కొత్త ముక్కలు, కొత్త ఉప్పునీళ్లు, మళ్లీ మొదటి నుంచి. ఆ పిల్ల డిజైను అన్ని నెలలూ అటకెక్కింది, నా పచ్చడి అన్నాళ్లూ ఆమె కంచమెక్కలేదు. కొత్త సీసా ఆఫీసులోనే, తాళం వేసిన బీరువాలో ఉంది. పైన కాగితం అంటించారట: "నానమ్మలకు ప్రవేశం లేదు."

కనుక అమీర్‌పేట ఆడపడుచులంతా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో యుద్ధనౌక విడిభాగం ఏదీ తోమను. అయితే ఆ ఆఫీసు తలుపు గొళ్లెం చూశారా? అసలైన ఇత్తడి, బొగ్గులా నల్లబడింది. నా ఒట్టులో గొళ్లేల ఊసు లేదు.